గుడ్డి గుఱ్ఱమునకు పళ్ళు తోముట



మన తెలుగునాట ఒక సామెత కలదు. పని యేమియు చేయక ప్రొద్దు పుచ్చినవానిని చూచి, "ఇంతసేపు ఏమి చేయుచుంటివి? గుడ్డి గుఱ్ఱమునకు పళ్ళు తోముచుంటివా?" అని ఇంటి పెద్దలు మందలింతురు. చూపు లేని గుఱ్ఱము బండికి పనికిరాదు, స్వారికి పనికిరాదు. అట్టిదానికి పళ్ళు తోముట వ్యర్థములలోకెల్ల వ్యర్థమైన పని యని లోకము అభిప్రాయము. ఈ సామెతను మనమందరము నవ్వుచు వాడినవారమే. కాని ఒక్క క్షణము యోచింతము. ఆ గుఱ్ఱము పుట్టుకతో గుడ్డిది కాకపోవచ్చును. ఎవరినో మోసి మోసి అది ముసలిదై యుండవచ్చును. దాని శ్రమతో బిడ్డలను పెంచుకొన్న మనుష్యుడే నేడు దాని ప్రక్క కూర్చుండి పళ్ళు చూచుచున్నచో, ఆ పని వ్యర్థమగునా? లోకము నవ్వునట్టి ఆ పని భగవంతుని సన్నిధిలో ఏ లెక్కలో చేరును? ఈ ప్రశ్నయే ఈ మాసమున మన చింతనకు విషయము.

విజయవాడ వాసులలో వయసు మళ్ళినవారికి జట్కాబండ్లు జ్ఞాపకముండును. బెజవాడ రైలుస్టేషనులో దిగిన యాత్రికుడు మూటాముల్లెతో వెలుపలికి రాగానే వరుసగా నిలిచిన జట్కాలే ఎదురుపడెడివి. కృష్ణాస్నానమునకు పోవువారిని, ఇంద్రకీలాద్రికి పోవువారిని, కాలువగట్ల వెంబడి బంధువుల యిండ్లకు పోవు ముసలివారిని, బాలింతలను ఆ గుఱ్ఱములే చేర్చెడివి. కాలము మారినది. రిక్షాలు వచ్చినవి, తరువాత ఆటోలు వచ్చినవి. 2016వ సంవత్సరము ఆగస్టు నెలలో కృష్ణాపుష్కరములకు లక్షలాది జనము వచ్చినపుడు వారిని ఘాట్లకు చేర్చినవి బస్సులు, ఆటోలే. నేడు మన ప్రాంతమున గుఱ్ఱము కనబడుట అరుదు. పెండ్లి ఊరేగింపులలో అలంకరించి తెచ్చునపుడో, పిల్లలను ఎక్కించి త్రిప్పునపుడో కనబడును. అట్టి గుఱ్ఱమునకును వార్ధక్యము తప్పదు. గుఱ్ఱము సామాన్యముగా ఇరువదియైదు, ముప్పది సంవత్సరములు జీవించును. బలముతో పనిచేయు కాలము అందులో కొంతభాగమే. మిగిలిన ఏండ్లు అది ఎక్కడ గడపవలెను? ఎవరి నీడలో గడపవలెను?

భాగవతము తృతీయస్కంధమున కపిలమహర్షి తన తల్లి దేవహూతికి సంసారి యొక్క దశను వివరించుచు ఒక ఉపమానము చెప్పినాడు. కుటుంబమును పోషించినంతకాలము గౌరవింపబడిన గృహస్థు, శక్తి యుడిగిన పిదప తనవారిచేతనే అనాదరింపబడును. ఎట్లనగా, లోభియైన కృషీవలుడు ముసలి ఎద్దును అనాదరించినట్లు. మహర్షి ఉద్దేశము మనకు వైరాగ్యము కలిగించుట. అయినను ఆ ఉపమానమున మరియొక సత్యము దాగియున్నది. ముసలి ఎద్దునకు జరుగుచున్నదే ముసలి తండ్రికి జరుగును. కొట్టములో ఏ బుద్ధిని అలవరచుకొందుమో ఆ బుద్ధియే వసారాలోనికి వచ్చును. "ఇది ఇక ఎందులకు పనికివచ్చును?" అని పశువును గూర్చి అడుగుట నేర్చిన నోరు, కొంతకాలమునకు మంచము పట్టిన తల్లిని గూర్చియు అడుగకమానదు. పిల్లలు మన మాటలకంటె మన చేతలను ఎక్కువగా గమనింతురు. కనుక ముసలి గుఱ్ఱము సంగతి జట్కావానికి మాత్రమే సంబంధించినది కాదు. పెద్దలున్న ప్రతి యింటికిని సంబంధించినది.

ఈ విషయమున మనకు మార్గము చూపినవాడు సాక్షాత్తు శ్రీరామచంద్రుడే. అయోధ్య విడిచిన మొదటి రాత్రి తమసాతీరమున విడిసినపుడు గుఱ్ఱముల విషయమున జాగరూకుడవై యుండుమని సుమంత్రునకు ఆయన చెప్పెను. తరువాత శృంగిబేరపురమున గుహుడు భక్ష్యభోజ్యములతో ఎదురువచ్చి, "ఇదంతయు నీదే, స్వీకరింపుము" అని ప్రార్థించెను. తాపసవ్రతము పూనిన రాముడు ఆ సత్కారములలో ఒక్కటియు గ్రహింపలేదు. ఆ రాత్రి జలము మాత్రమే పుచ్చుకొనెను. కాని గుహుని ఒక్కటి కోరెను. గుఱ్ఱములకు మేత పెట్టించుమనెను. ఇవి నా తండ్రియైన దశరథమహారాజునకు ప్రియమైనవి, ఇవి తృప్తి పొందినచో నన్ను పూజించినట్లే యని పలికెను.

ఇచట మనము గమనింపవలసిన సూక్ష్మమొకటి కలదు. మరునాడు రాముడు నావ నెక్కి గంగను దాటవలసియున్నది. రథముతో గాని గుఱ్ఱములతో గాని ఆయనకు ఇక పని లేదు. పదునాలుగేండ్లు కాలినడకయే. అనగా తనకు అవసరము తీరిపోయిన గుఱ్ఱములకై, తాను ఉపవసించిన రాత్రి, రాముడు మేత అడిగినాడు. అందులకు ఆయన చూపిన కారణము ప్రయోజనము కాదు, సంబంధము. ఇవి నా తండ్రివి అను ఒక్కటే కారణము. రాముడు వెడలిపోయిన పిదప సుమంత్రుడు రథమును మరలించినపుడు ఆ గుఱ్ఱములు ముందునకు సాగక వేడికన్నీరు విడిచినవని వాల్మీకిమహర్షి వ్రాసినాడు. ఆ కన్నీటికి అర్థము మనము ఊహింపవచ్చును.

భగవద్రామానుజుల దర్శనమున చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరము. ప్రతి జీవుడును ఆయన సొత్తు. అట్లయినచో మన కొట్టమున నున్న గుఱ్ఱము ఎవరిది? రాముడు దశరథుని గుఱ్ఱములను గూర్చి చెప్పిన మాటను మనము ప్రతి ప్రాణిని గూర్చియు చెప్పవలసియున్నది. ఇది నా తండ్రిది. పనిచేసినపుడు ఆయనదే, పని మానినపుడును ఆయనదే. తండ్రి వస్తువు పాతబడినదని కుమారుడు వీధిలో పారవైచునా?

ఇక శ్రీకృష్ణుని చూతము. భారతయుద్ధమున పదునాలుగవ దినము. సూర్యాస్తమయములోగా సైంధవుని వధింపకున్నచో అగ్నిప్రవేశము చేయుదునని అర్జునుని ప్రతిజ్ఞ. ఒక్కొక్క నిమిషము ఒక ప్రాణముతో సమానము. సైంధవుడు ఇంకను దూరముననే యున్నాడు. అట్టి సమయమున గుఱ్ఱములు బాణములు నాటి, అలసి, దప్పిగొని యుండుట ఇరువురును గమనించిరి. రథమును ఆపి గుఱ్ఱములను విప్పుటయే యుక్తమని తోచినది. అర్జునుడు నేలపై నిలిచి శత్రుసేనను ఒక్కడే అడ్డగించెను. అస్త్రముతో భూమిని భేదించి కొలనును సృష్టించెను, బాణములతో గృహము వంటి మరుగును నిర్మించెను. జగన్నాథుడు గుఱ్ఱములను విప్పి, నాటిన బాణములను తన చేతులతో లాగివైచి, వాటి ఒడలు నిమిరి, నీరు త్రావించి, స్నానము చేయించి, మేత మేపి, బడలిక తీరిన పిదప మరల రథమునకు పూన్చెను. అశ్వకర్మయందు ఆయన కుశలుడని వ్యాసమహర్షి ప్రశంసించెను.

ఆ గుఱ్ఱములు ఇంకను యుద్ధమునకు అవసరమే గదా, కనుక కృష్ణుడు స్వప్రయోజనమునకై చేసినాడని ఎవరైన అనవచ్చును. నిజమే. అందుచేతనే రామకృష్ణుల కథలను జతపరచి చూడవలెను. పని తీరిన పిదప కూడ పోషింపవలెనని రాముడు నేర్పినాడు. ఎట్లు పోషింపవలెనో, స్వహస్తముతో గాయమును తాకుటలో సిగ్గుపడరాదని కృష్ణుడు నేర్పినాడు. ఒకటి ధర్మము, రెండవది నేర్పు. జాలి మాత్రముండి నేర్పు లేనిచో ముసలి ప్రాణికి మేలు జరుగదు. పాండవులలో నకులుడు విరాటుని కొలువున దామగ్రంథి యను పేరుతో గుఱ్ఱములకు శిక్షణ నిచ్చుచు చికిత్స చేయుచు ఏడాది గడపినాడు. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రమే వెలసినది. మన తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను గ్రంథమును రచించినాడు. మన పెద్దలు ఈ విద్యను చిన్నచూపు చూడలేదు.

కనుక నేర్పును గూర్చి కొంత తెలిసికొందము. మొదట సామెతలోని పళ్ళనే చూతము. గుఱ్ఱపు పళ్ళు అరిగినకొలది చిగురునుండి పైకి వచ్చుచునే యుండును. అవి సమముగా అరుగనపుడు అంచులు కత్తివలె వాడియై నాలుకను, బుగ్గలను కోయును. వైద్యుడు ఆకురాయి వంటి పనిముట్టుతో ఆ అంచులను నునుపు చేయవలెను. ఏడాదికొకసారియైన నోరు చూపింపవలెను, ముసలిదానికి ఆరు నెలలకొకసారి చూపించుట మేలు. ఇరువది యేండ్లు దాటిన పిదప పళ్ళు వేళ్ళవరకు అరిగి ఊడిపోవును. గడ్డి నమలలేక ఉండలు చుట్టి నేలరాల్చుచున్నచో అది పొగరు కాదు, పళ్ళు లేని ముసలితనము. చూడుడు, గుఱ్ఱమునకు పళ్ళు చూచుట హాస్యాస్పదమైన పని కాదు. దాని ప్రాణము నిలుచునదే అందువలన.

నమలలేనిదానికి మన ప్రాంతపు ఎండు వరిగడ్డిని వేసినచో అది ప్రేగులలో చిక్కుకొని శూల పుట్టించును. గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు, కనుక కడుపునొప్పి దానికి ప్రాణాంతకమే. లేతపచ్చగడ్డిని చిన్నచిన్న ముక్కలుగా కోసి వేయవలెను. ఉలవలను నానబెట్టి, ఉడికించి, మెత్తగా మెదిపి కొద్దికొద్దిగా పెట్టవలెను. తవుడు తడిపి కొంత కలుపవచ్చును గాని తవుడే ఆహారమైనచో ఎముకలు బలహీనపడును. దాని జీర్ణకోశము చిన్నది, కనుక ఒక్కమారు ఎక్కువగా పెట్టక పలుమారులు పెట్టవలెను. రోజునకు ఇరువదియైదు మొదలు నలువది లీటర్లవరకు నీరు కావలెను. వేసవిలో ఇంకను ఎక్కువ.

భక్తులు ఒక విషయము శ్రద్ధగా వినవలెను. గుఱ్ఱము కనబడగానే పుణ్యమని తలచి బెల్లము, లడ్డు, పులిహోర నోట పెట్టువారు కలరు. ముసలి గుఱ్ఱములలో కొన్నింటికి మెదడు క్రిందనున్న గ్రంథి చెడి, వేసవిలో కూడ వెండ్రుకలు రాలక పొడుగుగా పెరుగుట, కండ కరగుట వంటి లక్షణములు కనిపించును. ఆ వ్యాధి నయము కాదు, జీవితాంతము మందు ఇచ్చుచు అదుపులో ఉంచవలెను. అట్టిదానికి తీపి, ధాన్యము ఎక్కువైనచో గిట్టల లోపల వాపు పుట్టి అడుగు వేయలేని బాధ కలుగును. మనము ప్రసాదమని పెట్టినది దానికి విషమగును. యజమానిని అడుగక ఏమియు పెట్టరాదు. పెట్టదలచినవారు ఒక మోపు పచ్చగడ్డియో, ఒక కుంచము ఉలవలో యజమాని చేతికే ఇచ్చుట ఉత్తమము.

ఆరు మొదలు ఎనిమిది వారములకొకసారి గిట్టలు చెక్కింపవలెను. వానకాలమున డెల్టా నేల నెలల తరబడి చెమ్మగా నుండును, బురదలో నిలిచిన గిట్ట మెత్తబడి కుళ్ళును. కనుక కొట్టపు నేల ఎత్తుగా, పొడిగా నుండవలెను. దుమ్ముగడ్డి వలన ఉబ్బసము వచ్చిన గుఱ్ఱమునకు గడ్డిని నీట తడిపి వేయవలెను. మన వేసవిలో ఎండకు ఉక్క తోడగును. కొన్ని గుఱ్ఱములకు ఆ ఉక్కలో చెమట పట్టుటయే మానిపోవును. అపుడు ఒడలి వేడి వెలికిపోక ప్రాణాపాయము కలుగును. నీడ, గాలి, ఒడలిపై చన్నీరు, వెంటనే వైద్యుడు, ఇవే రక్షణ. కన్నులు ఎఱ్ఱబడి నీరు కారుచున్నచో ఉపేక్షింపరాదు, ఆ వాపు పలుమారులు తిరిగివచ్చి చూపును హరించును. చూపు పోయినదానిని సమీపించునపుడు ముందు పేరు పెట్టి పిలిచి తరువాత తాకవలెను. నీటితొట్టిని, మేతతొట్టిని స్థలము మార్చరాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలు నీట మునిగినవి. అట్టి ఆపదలో కట్టుత్రాటనున్న ప్రాణి తానుగా తప్పించుకొనలేదు. నీరు వచ్చుచున్నదని తెలిసిన మరుక్షణమున ముసలిదాని, గుడ్డిదాని త్రాడునే ముందు విప్పవలెను. వైద్యమునకు గన్నవరమున పశువైద్య కళాశాల యున్నది, ఊరూర పశువైద్యశాలలున్నవి.

ఇంతవరకు వినిన ఒక పేద యజమాని ఇట్లనవచ్చును: "అయ్యా, మీరు చెప్పినదంతయు బాగున్నది. నా బిడ్డలకే రెండుపూటల అన్నము కష్టముగా నున్నది. సంపాదన లేని గుఱ్ఱమునకు ఉలవలు, మందులు ఎక్కడినుండి తేవలెను?" ఈ మాటను అధర్మమని కొట్టివేయుటకు మనకు అధికారము లేదు. చట్టము తన మాట చెప్పియున్నది. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము వయసు చేత, రోగము చేత, పుండు చేత పనికి తగని జంతువుతో పని చేయించుట నేరము. తగిన మేత, నీరు, నీడ కల్పింపకుండుట నేరము, కారణము లేక విడిచిపెట్టుటయు నేరమే. బరువులు లాగు జంతువులను గూర్చిన 1965వ సంవత్సరపు నియమములు రోజునకు తొమ్మిది గంటలకు మించి, విరామము లేక ఐదు గంటలకు మించి పని చేయింపరాదనుచున్నవి. వేడిమి 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటలవరకు బండికి కట్టరాదనుచున్నవి. చట్టము చేయరాని పనిని చెప్పును గాని ఉలవలు కొనిపెట్టదు. ఆ లోటు తీర్పవలసినది మనము.

మంగళగిరి పానకాలస్వామిని సేవింపని కుటుంబము మన ప్రాంతమున అరుదు. స్వామి తనకు సమర్పించిన పానకములో సగము గ్రహించి సగము భక్తులకు విడుచునని ప్రసిద్ధి. సమస్తమును పుచ్చుకొనగల ప్రభువు సగమే పుచ్చుకొనుటలో మనకొక పాఠమున్నదని నాకు తోచుచుండును. ప్రాణి యొక్క బలమును మనము సమస్తముగా త్రాగివేయరాదు. గుఱ్ఱము సంపాదించు దినములలో ప్రతి దినపు రాబడినుండి ఒక పాలు దాని ముసలితనమునకై విడిగా ఉంచవలెను. అది యజమాని ధర్మము. ఆ గుఱ్ఱముపై ఊరేగిన పెండ్లివారు కూలితోపాటు దాని మేతకని మరికొంత ఇచ్చుట వారి ధర్మము. కొన్ని కుటుంబములు కలిసి నెలకొక్కసారి ఉలవలో, వైద్యుని ఖర్చో భరించినచో ఒక ముసలి ప్రాణి గడచిపోవును. ఆ గుఱ్ఱమును తోలినవాడు ఏ మతస్థుడైనను మనకు భేదము లేదు. మన పెద్దలను కృష్ణాతీరమునకు చేర్చునపుడు గుఱ్ఱము వారి నామమును చూడలేదు.

పరాశరభట్టరు శిష్యులైన నంజీయరు వైష్ణవత్వమునకు ఒక ఒరగల్లును చూపిరి. ఇతరుల బాధను చూచినపుడు నీ హృదయము అయ్యో యని కరగినచో భగవత్సంబంధము కలదని నీకు నీవే తెలిసికొనవచ్చునని వారి ఉపదేశ సారము. ఈ పరీక్షకు సాక్షులు అక్కరలేదు. తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాటి రాత్రి స్వామి అశ్వవాహనముపై వేంచేయునపుడు మనము చేతులు జోడింతుము, కన్నులు చెమర్చును. ఆ కన్నులతోనే మన వీధిలో ఎముకలు తేలి నిలిచిన గుఱ్ఱమును చూచునపుడు హృదయమున ఏమి కలుగునో ఎవరికి వారు పరీక్షించుకొనవలెను.

కడపటి మాట. దీర్ఘరోగముతో నున్న ముసలి ప్రాణికి సేవ చేయువారు ఒక సత్యమును ముందే అంగీకరింపవలెను. ఈ సేవకు ఫలముగా అది మరల పరుగెత్తదు. నేడు కొంచెము తినును, రేపు తినదు. ఒకనాడు లేచును, ఒకనాడు లేవదు. బాధ మితిమీరి వైద్యము చేతులెత్తిన దినమున ఏమి చేయవలెనో వైద్యుని అడిగి, భగవంతుని ప్రార్థించి, దాని తల ప్రక్కన కూర్చుండియే నిశ్చయింపవలెను. ఎవరికో అమ్మి, త్రాడు చేతులు మార్చి, కన్నులు మరల్చుకొనుట నిశ్చయము కాదు, తప్పించుకొనుట. ఫలము కోరక చేయుమని గీతాచార్యుడు ఉపదేశించిన కర్మకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మన యింట దొరకదు. మందిరములో చేయు కైంకర్యమునకు ప్రసాదమైన లభించును. ఇచట మనకు లభించునది, పిలిచినపుడు చెవి నిక్కించి మనవైపు తిరిగిన ఒక ముఖము మాత్రమే.

ఇకమీదట ఎవరైన మనలను "గుడ్డి గుఱ్ఱమునకు పళ్ళు తోముచుంటివా?" అని పరిహసించినచో సిగ్గుపడక్కరలేదు. నిజముగా ఆ పనిలో నున్నవాడు పార్థసారథి నడచిన త్రోవలోనే యున్నాడు. మన పెరటిలో అట్టి ప్రాణి లేకపోవచ్చును. మన వసారాలో ఒక ముసలి తల్లి యుండవచ్చును. ఈ సాయంకాలము ఆమె ప్రక్కన కొంతసేపు కూర్చుండి అన్నము మెత్తగా కలిపి పెట్టుదము.

శ్రీకృష్ణార్పణమస్తు.